ఆ కన్సెషన్ ఇచ్చేది టీచరమ్మే

మా వైపు ప్రైవేటు స్కూల్లో ఫీజు ఎంత అని ఎవరైనా అడిగితే "ఏ ఫీజు, పాంప్లెట్ మీద ఉన్నదా, మీరు మాట్లాడుకున్నదా" అని ఎదురడగాలి. ఆ రెండూ ఎప్పుడూ ఒకటి కావు. తెనాలి దగ్గర ఒక చిన్న ఇంగ్లీష్ మీడియం స్కూల్లో నేను చాలా ఏళ్ళు ఆఫీసు పని చూశాను, రశీదులు రాయడం, బ్యాలెన్సులు వసూలు చెయ్యడం, గుర్తింపు రెన్యువల్ ఫైలు పట్టుకుని ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసు చుట్టూ తిరగడం, జూన్‌లో పుస్తకాల సెట్లు కట్టలు కట్టడం అన్నీ నావే. ఇప్పుడు మానేశా కాబట్టి కాస్త నోరు విప్పి రాస్తున్నా. స్కూలు పేరు మాత్రం అడక్కండి, చెప్పను. అయినా అలాంటివి ప్రతి ఊళ్ళో ఉన్నాయి, నేను చెప్పేది పెద్ద పెద్ద కార్పొరేట్ స్కూళ్ళ గురించి కాదు, ఒక మనిషి అప్పు చేసి, బిల్డింగ్ అద్దెకి తీసుకుని, భార్యని హెడ్ మిస్ట్రెస్‌గా పెట్టి నడుపుకునే స్కూళ్ళ గురించి.

"గవర్నమెంటు దగ్గర రూపాయి తీసుకోం అమ్మా, మన స్కూలు మన ఇష్టం" అని మా కరస్పాండెంట్ గారు, అంటే స్కూలు ఓనరు, మీటింగుల్లో గట్టిగా చెప్పేవారు. ఆ మాటలో తప్పేం లేదు, నాకూ నచ్చేది. కానీ కట్టలేని పిల్లలకి ఫీజు తగ్గించామంటే ఆ తగ్గిన డబ్బు ఎక్కడో ఒకచోట నుంచి రావాలి కదా, గాల్లోంచి రాదు. ఎక్కడ నుంచి వస్తుందో లెడ్జర్ రాసేవాళ్ళకి తప్ప ఎవరికీ కనపడదు, కనపడినా ఎవరూ మాట్లాడరు.

కన్సెషన్ ఎలా నడుస్తుందో ముందు చెప్తా. ఏప్రిల్, మే నెలల్లో టీచర్లని అడ్మిషన్లకి పంపిస్తారు, మండుటెండలో గొడుగేసుకుని ఇంటింటికీ తిరుగుతారు పాపం, ఒక్కొక్కరికి ఇన్ని అడ్మిషన్లు అని టార్గెట్ ఉంటుంది. అక్కడే బేరం మొదలైపోతుంది. "పక్క స్కూలు వాళ్ళు ఇంతకే చేర్చుకుంటాం అన్నారు" అంటారు పేరెంట్స్, టీచరమ్మ "సార్‌తో మాట్లాడి తగ్గిస్తాలెండి" అనేస్తుంది. జూన్‌లో ఆ పేరెంట్ ఆఫీసుకొచ్చి కూర్చుంటాడు. అన్నదమ్ములిద్దరు చేరితే ఒక తగ్గింపు, స్టాఫ్ పిల్లలకి ఒక తగ్గింపు, పదో తరగతిలో మంచి మార్కులొచ్చి ఫ్లెక్సీ మీద ఫోటో వేసుకోవడానికి పనికొస్తాడనుకున్న పిల్లాడికి ఇంకో తగ్గింపు. లోకల్ లీడర్ చీటీ పట్టుకొస్తే ఇంకొకటి. విలేకర్ల పిల్లలకి 50 శాతం రాయితీ ఇవ్వమని డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసుల నుంచి సర్క్యులర్లే వస్తుంటాయి, ఇవ్వకపోతే ఏమవుతుందో మళ్ళీ చెప్పక్కర్లేదు.

ఇందులో నాకు ఎప్పుడూ మింగుడుపడనిది ఏంటంటే కన్సెషన్ అవసరం ఉన్నవాడికి కాదు, అడగడం వచ్చినవాడికి దొరుకుతుంది. బట్టల షాపు ఓనరు నవ్వుతూ, గదమాయిస్తూ, చివరికి లేచి వెళ్ళిపోతున్నట్టు నటిస్తూ నాలుగు వేలు తగ్గించుకునేవాడు. మిషను కుట్టుకుని బతికే ఆవిడ ఫీజు ఎంత అని ఒక్కసారి అడిగి, కొంగులోంచి మడత నోట్లు తీసి, మిగిలింది దసరాకి ఇస్తానండీ అని తలొంచుకుని వెళ్ళేది. ఆవిడకి ఎవరూ తగ్గించలేదు, ఎందుకంటే ఆవిడ అడగలేదు. కట్టలేకపోయిన సంవత్సరం పిల్లని మాన్పించి గవర్నమెంటు స్కూల్లో వేసేది, టీసీ కోసం వచ్చినప్పుడు పాత బ్యాలెన్సు కట్టమని మేమే అడిగేవాళ్ళం. దీన్ని సాయం అని ఎలా అంటాం? అది బేరం అంతే.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఊరికే ఒక ఉదాహరణ అనుకోండి, 300 మంది పిల్లలు, పాంప్లెట్ మీద ఫీజు 20,000. మొత్తం 60 లక్షలు రావాలి. అందరికీ కలిపి సగటున ఐదో వంతు తగ్గిందనుకుంటే 48 లక్షలు. అందులో మొండి బాకీలు తీసెయ్యండి, ఇంకా తగ్గుతుంది. బిల్డింగ్ ఓనరు అద్దె తగ్గించడు. కరెంటు బిల్లు తగ్గదు, వ్యాను డీజిల్ తగ్గదు, బ్యాంకు వడ్డీ అసలే తగ్గదు. ఇంక మిగిలింది ఏంటి? జీతాలు. బీఎడ్ చేసిన అమ్మాయికి పదిహేను వేలు ఇవ్వాల్సిన చోట తొమ్మిది వేలు ఇస్తారు, అదీ పదో తారీఖు దాటాక, వేసవిలో సగం జీతమో అసలు లేకుండానో. అంటే ఆ పిల్లాడి కన్సెషన్ ఎవరిచ్చారు? కరస్పాండెంట్ గారు ఇచ్చానని చెప్పుకుంటారు, పేరెంట్ కూడా ఆయనకే దణ్ణం పెడతాడు, ఇచ్చింది మాత్రం థర్డ్ క్లాస్ లెక్కల టీచరమ్మ. ఆవిడకి కూడా ఆ సంగతి తెలీదు.

ఉమ్మడి రాష్ట్రంలో 1994లో వచ్చిన జీవో నంబర్ 1 ఒకటుంది, ప్రైవేటు స్కూళ్ళ మేనేజ్‌మెంట్లకి అది భగవద్గీత లాంటిది, చదివినవాళ్ళు తక్కువ. వసూలైన ఫీజులో 50 శాతం జీతాలకి, 15 శాతం పీఎఫ్, గ్రాట్యుటీ లాంటివాటికి, 15 శాతం మెయింటెనెన్స్‌కి, 15 శాతం స్కూలు డెవలప్‌మెంట్‌కి, 5 శాతం మేనేజ్‌మెంటుకి అని పంచి పెట్టింది. బానే ఉంది. గమనించారా, ఇందులో పేద పిల్లల ఫీజు సాయానికి అని ఒక్క శాతం కూడా లేదు. రాసినవాళ్ళకి ఆ ఆలోచనే వచ్చినట్టు లేదు. ఇంకా ఆ పీఎఫ్ 15 శాతం ఎంతమంది టీచర్లకి దక్కిందో, సరే ఆ విషయం ఇప్పుడు వద్దులే.

పాతకాలంలో దీనికి ఒక దారి ఉండేది, ఎయిడెడ్ స్కూళ్ళు. ఊరి పెద్ద ఎవరో స్థలం ఇస్తే, లేదా మిషనరీ వాళ్ళో, ఏదైనా ట్రస్టో బిల్డింగ్ కడితే, టీచర్ల జీతం గవర్నమెంటు ఇచ్చేది, గ్రాంట్ ఇన్ ఎయిడ్ అనేవాళ్ళు. స్కూలు ట్రస్టుది, జీతం సర్కారుది, ఫీజు నామమాత్రం. మా నాన్న తరం కోస్తాలో సగం మంది అలాంటి చోటే చదివి ఉద్యోగాలకెళ్ళారు. అక్కడ పేద పిల్లాడి భారం టీచర్ మీద పడలేదు చూశారా, అదీ తేడా. తర్వాత తర్వాత ఏం చేశారంటే ఎయిడెడ్ పోస్టులు ఖాళీ అయినవి నింపడం మానేశారు, ఒక్కో మాస్టారు రిటైరవుతుంటే ఆ కుర్చీ అలాగే ఉండిపోయింది, టీచర్లు లేక పిల్లలు తగ్గారు, పిల్లలు తగ్గారు కాబట్టి ఈ స్కూళ్ళు దండగ అన్నారు.

2021లో ఏపీ గవర్నమెంటు ఆ దండగ మాటనే జీవోల్లో పెట్టింది. స్థలం, బిల్డింగ్‌తో సహా మొత్తం అప్పజెప్పండి, లేదా ఎయిడెడ్ స్టాఫ్‌ని మాకిచ్చేసి మీరు పూర్తి ప్రైవేటుగా నడుపుకోండి అని. చాలా మేనేజ్‌మెంట్లు స్టాఫ్‌ని ఇచ్చేశాయి. రాత్రికి రాత్రి ఫీజు పెరుగుతుందని తెలిసి తల్లిదండ్రులు రోడ్డెక్కారు, విశాఖపట్నంలో, కాకినాడలో ధర్నాలు, అనంతపురం ఎస్ఎస్‌బీఎన్ కాలేజీ దగ్గర నవంబర్ 8న స్టూడెంట్స్‌కి, పోలీసులకి గొడవై ఒక అమ్మాయి తలకి దెబ్బ కూడా తగిలింది. ఆ తర్వాత వారంలోపే గవర్నమెంటు మెమో ఇచ్చింది, కావాలంటే ఎయిడెడ్‌గానే ఉండొచ్చు, ఇంతకుముందు ఒప్పుకున్నవాళ్ళు వెనక్కి కూడా తీసుకోవచ్చు అని. నాకు ఆ గొడవలో అర్థమైంది ఒకటే, ఆ స్కూళ్ళకి స్వతంత్రం ఇస్తామన్నా పేరెంట్స్ వద్దన్నారు. ఎందుకంటే స్వతంత్రం అంటే వాళ్ళకి కొత్త ఫీజు రశీదు.

అదే సంవత్సరం ఆగస్టులో ఇంకో జీవో జత, స్కూళ్ళకి 53, జూనియర్ కాలేజీలకి 54. ప్రైవేటు స్కూళ్ళ ఫీజులు గవర్నమెంటే ఫిక్స్ చేసింది, ప్రైమరీకి పంచాయతీలో 10,000, మున్సిపాలిటీలో 11,000, కార్పొరేషన్లో 12,000, హైస్కూలుకి 12,000, 15,000, 18,000. మా స్టాఫ్ రూములో కొంతమంది చప్పట్లు కొట్టారు, వాళ్ళ పిల్లలకి ఫీజు తగ్గుతుందని. ఫీజు తగ్గితే తమ జీతం ఏమవుతుందో ఆ నిమిషానికి తట్టలేదు. డిసెంబర్లో హైకోర్టు వాటిని కొట్టేసింది, ప్రతి స్కూలు పరిస్థితి చూడకుండా, మేనేజ్‌మెంట్ల మాట వినకుండా అందరికీ ఒకే గీత గీస్తే కుదరదని.

కోర్టుల సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి, ఇది మన రాష్ట్రం పేరు మీదే నడిచిన కేసు. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ అని సుప్రీంకోర్టు తీర్పు, ప్రొఫెషనల్ కాలేజీల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు అని స్కీము పెట్టింది. పేమెంట్ సీటు వాడు కట్టిన డబ్బుతో ఫ్రీ సీటు వాడు చదువుతాడన్నమాట. వినడానికి న్యాయంగానే ఉంటుంది. తీరా చూస్తే టౌన్లో కోచింగులు తీసుకుని మంచి ర్యాంకు తెచ్చుకున్న డబ్బున్న పిల్లాడికి ఫ్రీ సీటు, పల్లెటూళ్ళో చదివి ర్యాంకు రాక పొలం అమ్మి కట్టినవాడికి పేమెంట్ సీటు. 2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండు మంది జడ్జీల బెంచి ఆ స్కీము పక్కన పెట్టేసి, గవర్నమెంటు ఎయిడ్ తీసుకోని సంస్థ ఫీజు తనే పెట్టుకోవచ్చు, కాస్త మిగులు ఉండొచ్చు, కానీ వ్యాపారంలా దోచుకోకూడదు, కాపిటేషన్ ఫీజు, అంటే సీటు కోసం గుంజే డొనేషన్, కూడదు అంది. ఆఫీసులో కూర్చున్న నాకు ఆ పాత స్కీము మా స్కూల్లో ఇంకా బతికే ఉన్నట్టు అనిపించేది, పేమెంట్ సీటు మాత్రం టీచర్ కట్టేది.

సరే, గవర్నమెంటు డబ్బు తీసుకుంటే ఏమవుతుంది? విద్యాహక్కు చట్టం ప్రకారం 25 శాతం సీట్లు పేద పిల్లలకి ఫస్ట్ క్లాసులో ఇవ్వాలి, ఆ ఫీజు సర్కారు కట్టాలి. చట్టం 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నా ఏపీలో ఈ సీట్లు కదిలింది 2022-23లో. రేటు ఎంత పెట్టారంటే టౌన్లో 8,000, పల్లెల్లో 6,500, గిరిజన ఏజెన్సీలో 5,100. దాని మీద ఇంకో మెలిక, అప్పట్లో అమ్మఒడి పథకం డబ్బులు తల్లి అకౌంట్లో పడేవి కదా, అందులోంచి ఆవిడే స్కూలుకి కట్టాలి అన్నారు. తల్లి అకౌంట్లో పడ్డ డబ్బు అప్పటికే డ్వాక్రా కిస్తీకో, కిరాణా బాకీకో వెళ్ళిపోయి ఉండేది, అడగడానికి వెళ్ళాల్సింది మళ్ళీ టీచరమ్మే. ఇప్పుడు దాని బదులు తల్లికి వందనం, 2025 జూన్‌లో వేశారు, పిల్లకి 13,000 తల్లి అకౌంట్లోకి, 2,000 స్కూళ్ళ నిర్వహణకి. ప్రైవేటులో చదివే పిల్లలకీ ఇస్తారు, మంచిదే. మాది గవర్నమెంటు మీద ఆధారపడని స్కూలు అని చెప్పుకునేవాళ్ళంతా ఆ డబ్బు పడే వారం ఫోన్లు పట్టుకుని పేరెంట్స్‌కి కాల్ చేస్తూ ఉంటారు, నేనూ చేశా. మరి ఇదేం స్వతంత్రం అండీ, చెయ్యి చాచేది కలెక్టరేట్ ముందు కాకుండా పేరెంట్ గడప ముందు, అంతే కదా.

తెలంగాణలో ఇంకో రకం. బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ స్కీము కింద ఎస్సీ, ఎస్టీ పిల్లల్ని మంచి ప్రైవేటు స్కూళ్ళలో చేర్చి ఫీజు గవర్నమెంటు కడుతుంది. ఆలోచన నాకు చాలా ఇష్టం. కానీ బకాయిలు పేరుకుపోయి 2025లో దసరా సెలవుల తర్వాత కొన్ని స్కూళ్ళు పిల్లల్ని లోపలికి రానివ్వలేదు, తల్లిదండ్రులు పెట్టెలు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. గవర్నమెంటు డబ్బుతో పెత్తనం వస్తుందని అందరూ భయపడతారు గానీ, నా అనుభవంలో పెత్తనం కంటే లేటు ఎక్కువ చంపుతుంది. ఎంఈఓ వచ్చి ఒక పూట కూర్చుని రిజిస్టర్లు చూసి టీ తాగి వెళ్తాడు, తట్టుకోవచ్చు. ఏడాదిన్నర రాని బిల్లుని చిన్న స్కూలు తట్టుకోలేదు. మళ్ళీ ఆగేది ఎవరి జీతమో మీకు తెలుసు.

కరోనా టైములో ఇది పచ్చిగా బయటపడింది. స్కూళ్ళు మూతపడగానే ఫీజులు ఆగాయి, ఫీజులు ఆగగానే జీతాలు ఆగాయి, రెండో నెల ఇవ్వడానికి కూడా ఏ స్కూలు దగ్గరా నిల్వ లేదు. ఖమ్మంలో మా పిన్ని కూతురు ప్రైవేటు టీచరు, 2021 ఏప్రిల్లో తెలంగాణ గవర్నమెంటు ప్రైవేటు టీచర్లకి నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామంటే ఆధార్ కార్డు పట్టుకుని అప్లై చేసింది. "అక్కా, పదేళ్ళు మా సార్ గవర్నమెంటు సాయం వద్దు వద్దు అన్నాడు, ఇప్పుడు నేను రేషన్ షాపు లైన్లో ఉన్నా" అని నవ్వుతూనే చెప్పింది గానీ నాకు నవ్వు రాలేదు.

అమెరికాలో డాలస్ దగ్గర మా పెద్దనాన్న కొడుకు ఉంటాడు, వాళ్ళ పాపని ప్రైవేటు స్కూల్లో వేద్దామని ఫైనాన్షియల్ ఎయిడ్‌కి అప్లై చేశారు. మా వదిన ఫోన్లో చెప్తుంటే నోరెళ్ళబెట్టి విన్నా. ఎవరి రూములోనూ కూర్చుని బతిమాలక్కర్లేదంట. ఆన్‌లైన్లో ఫారం, ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఇంకో పిల్లకి కడుతున్న ఫీజు అన్నీ రాసి ట్యాక్స్ కాగితాలు పెడితే వేరే సంస్థ వాళ్ళు ఇంత కట్టగలరు అని లెక్కేసి స్కూలుకి పంపుతారు, స్కూలు తన బడ్జెట్ చూసుకుని ఇంత సాయం అని లెటర్ ఇస్తుంది. ఆ డబ్బు పాత స్టూడెంట్లు, దాతలు ఇచ్చిన మూలనిధి మీద వచ్చే రాబడి నుంచి కొంత, ఫుల్ ఫీజు కట్టేవాళ్ళ నుంచి కొంత. అంటే అక్కడ కూడా ఒకరి డబ్బుతో ఇంకొకరు చదవడం ఉంది, కాదనను, కానీ అది బడ్జెట్లో ఒక లైనుగా ఉంటుంది, టీచర్ జీతంలో చిల్లులా ఉండదు. "మరి అంత మంచిదైతే అందరికీ ఇస్తారా" అంటే "ఎక్కడ ఇస్తారు, మాకు వచ్చింది కొంచెమే" అంది వదిన. అదీ నిజమే, ఆ ఫీజులు వింటే గుండె ఆగుతుంది.

అక్కడా సర్కారు డబ్బు గోల ఉంది. టెక్సాస్‌లో 2025 మేలో చట్టం చేశారు, 2026-27 నుంచి ప్రైవేటు స్కూలుకి వెళ్ళే పిల్లకి దాదాపు పది వేల డాలర్లు స్టేట్ ఇస్తుంది, మొదట వంద కోట్ల డాలర్లు పెట్టారు. కొన్ని స్కూళ్ళు ఎగిరి గంతేస్తుంటే కొన్ని ఈ డబ్బు వెనక ఏ రూల్సు వస్తాయో అని తటపటాయిస్తున్నాయంట. మేరీల్యాండ్‌లో ఇంకా విచిత్రం, 2022లో ఒక ఫెడరల్ జడ్జి ఏమన్నారంటే ప్రైవేటు స్కూలుకి ట్యాక్స్ మినహాయింపు ఉంటే అది కూడా గవర్నమెంటు సాయమే, కాబట్టి ఫెడరల్ రూల్సు వర్తిస్తాయి అని. స్కూళ్ళన్నీ హడలిపోయాయి. 2024లో పైకోర్టు ఆ తీర్పు తిప్పేసింది, పన్ను వెయ్యకపోవడం డబ్బు ఇవ్వడం ఒకటి కాదని. అయినా 2020లో కరోనా లోన్లు ఇచ్చినప్పుడు వాషింగ్టన్‌లో ప్రెసిడెంట్ల పిల్లలు చదివిన సిడ్‌వెల్ ఫ్రెండ్స్ స్కూలే తీసుకుంది, పెద్ద మూలనిధి ఉండి కూడా. విమర్శలొచ్చినా ఉంచుకుంది. కాబట్టి స్వతంత్రం అనేది ఎంత ఉన్నవాడికైనా కష్టమొస్తే కాస్త వంగుతుంది, మా కరస్పాండెంట్ గారిని ఒక్కరినే ఏం అంటాం.

నాకు మటుకు ఒకటే కోరిక. గవర్నమెంటు డబ్బు వద్దనుకుంటే అనుకోండి, కానీ కన్సెషన్‌కి వేరే అకౌంటు తెరవండి. ఈ సంవత్సరం ఇంత, ఇంతమందికి, ఫలానా కాగితాలు చూసి ఇస్తాం అని గోడ మీద రాయండి, జీతాలు లెక్కేశాకే ఆ అంకె వెయ్యండి. బట్టల షాపాయనకి ఒక మాట, మిషను కుట్టే ఆవిడకి ఒక మాట ఉండకూడదు. డబ్బు ఎక్కడిదంటే పాత స్టూడెంట్లు ఉన్నారుగా. ఈ మధ్య ప్రతి టెన్త్ బ్యాచ్ వాళ్ళూ పూర్వ విద్యార్థుల సమ్మేళనం అని ఫంక్షన్ హాలు బుక్ చేసి, ఒకే రంగు చీరలు, చొక్కాలు వేసుకుని, పాత మాస్టార్లకి శాలువాలు కప్పి ఫోటోలు దిగుతున్నారు. చివర్లో స్కూలుకి ఏదైనా ఇద్దాం అని ఆర్చీ కట్టిస్తారు, లేదా సరస్వతీదేవి విగ్రహం. మా ఊళ్ళో ఒక స్కూలుకి రెండు విగ్రహాలున్నాయి, రెండు బ్యాచిలవి, ఎదురెదురుగా.

మా టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో సమ్మేళనం మాట మొదలైంది కదా అని నేను ఈ అకౌంటు సంగతి పెట్టా. ఇద్దరు డబ్బులిస్తామన్నారు, బ్యాంకులో ఉండే ఫ్రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి వడ్డీతో ఏటా ఎంతమందికి కట్టొచ్చో లెక్క చూస్తానంది. మూడోవాడు మాత్రం శిలాఫలకం ఎక్కడ పెడతారు, పేర్లు ఏ వరసలో వేస్తారు అని అడిగాడు. దాని మీద ఇంకా చర్చ నడుస్తోంది.